కారు చూడని గుడ్‌ఇయర్

ఈ సంచికలో జీవితకథ పేజీ నాకు వచ్చింది. ఎవరి గురించి రాస్తావని క్లబ్ గ్రూపులో అడిగితే గుడ్‌ఇయర్ గురించి అన్నాను. సగం మంది నవ్వే ఎమోజీలు పెట్టారు. అది టైర్ల కంపెనీ పేరు కదా, ఆ పేరుతో మనిషి కూడా ఉన్నాడా అని ఒక జూనియర్ అడిగాడు. ఉన్నాడు. చార్ల్స్ గుడ్‌ఇయర్. 1800 డిసెంబర్ 29న అమెరికాలో, కనెటికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌లో పుట్టాడు. 1860లో పోయాడు. ఆయన పోయిన పాతికేళ్లకి గానీ పెట్రోలు కారు రోడ్డెక్కలేదు. ఆయన పేరున్న కంపెనీని 1898లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో ఫ్రాంక్ సైబర్లింగ్ అనే ఆయన మొదలుపెట్టాడు. గుడ్‌ఇయర్ కుటుంబానికీ ఆ కంపెనీకీ ఏ సంబంధమూ లేదు. గౌరవం కొద్దీ పేరు పెట్టుకున్నారు, అంతే.

నాకు ఈయన తగిలింది మాత్రం ఒక కారు వల్లే. మా పెద్దమ్మ కొడుకు మిషిగన్‌లో ఉంటాడు, డెట్రాయిట్‌కి దగ్గర్లో. మొన్న అక్టోబర్‌లో సెకండ్‌హ్యాండ్ మస్టాంగ్ జీటీ కొన్నాడు. దానికి సమ్మర్ టైర్లు ఉన్నాయి. చలికాలం వస్తోంది, అవే ఉంచాలా, తీసేసి ఆల్-సీజన్ వేయించాలా అని ఫ్యామిలీ గ్రూపులో రెండు వారాలు చర్చ నడిచింది. టైరుకి సీజన్ ఏంట్రా, అదేమన్నా మామిడిపండా అన్నాడు మా బాబాయ్. ఆయన్ని అనడానికి లేదు. విజయవాడలోనో వరంగల్‌లోనో టైర్ల షాపుకెళ్తే సైజు అడుగుతారు, ఏ కంపెనీది కావాలో అడుగుతారు. ఏ సీజన్‌కి అని ఎవరూ అడగరు. అసలు రబ్బరుకి ఎండైతే ఏంటి, చలైతే ఏంటి అని వెతకడం మొదలుపెడితే దారి తిన్నగా ఈయన దగ్గరికి తీసుకెళ్లింది.

గుడ్‌ఇయర్ కెమిస్ట్ కాదు. ఇంజినీర్ అంతకన్నా కాదు. నాన్న అమాసా గుడ్‌ఇయర్‌ది ఇనుప సామాన్లు, గుండీలు, వ్యవసాయ పనిముట్లు తయారుచేసే వ్యాపారం. కొడుకు కూడా అందులోకే వచ్చాడు. 1824లో క్లారిస్సా బీచర్‌ని పెళ్లి చేసుకున్నాడు. తర్వాత ఫిలడెల్ఫియాలో హార్డ్‌వేర్ షాపు పెట్టాడు. కొన్నాళ్లు బాగానే నడిచింది. 1830 వచ్చేసరికి అప్పుల్లో మునిగిపోయింది. ఆ కాలంలో అక్కడ అప్పు కట్టకపోతే జైలే. ఆయన జీవితంలో జైలు మన సెమిస్టర్ పరీక్షల్లాగా వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి నేను ప్రతిసారీ చెప్పను.

1834లో ఒక పని మీద న్యూయార్క్ వెళ్లాడు. రాక్స్‌బరీ ఇండియా రబ్బర్ కంపెనీ వాళ్ల షాపులో గాలి ఊదుకునే రబ్బరు లైఫ్ ప్రిజర్వర్ ఒకటి చూశాడు. నీళ్లలో మునిగిపోకుండా ఒంటికి కట్టుకునేది. దాని వాల్వ్ బాగాలేదనిపించింది. ఇంటికెళ్లి మెరుగైన వాల్వ్ తయారుచేసి కొన్ని వారాల తర్వాత తీసుకొచ్చాడు. అక్కడి మేనేజర్ దాన్ని మెచ్చుకున్నాడు గానీ కొనలేదు. వాల్వ్ సంగతి తర్వాత, ముందు మా రబ్బరే నిలబడట్లేదు అన్నాడు.

అప్పట్లో అమెరికాలో రబ్బరు పిచ్చి నడుస్తోంది. బ్రెజిల్ నుంచి వచ్చే చెట్టు జిగురుతో బూట్లు, కోట్లు, బండ్ల మీద కప్పే పట్టాలు చేసి అమ్మేవాళ్లు. నీళ్లు దిగవు, సాగుతుంది, జనం ఎగబడి కొన్నారు. ఎండాకాలం వచ్చింది. బూట్లు కరిగి, వేసుకున్నవాళ్ల కాళ్లకి అంటుకుని, కంపు కొట్టాయి. చలికాలం వచ్చింది. అదే బూటు రాయిలా బిగుసుకుని పగిలింది. జనం సరుకు వెనక్కి తెచ్చి పడేశారు. కరిగిన సరుకు కంపు భరించలేక గొయ్యి తీసి పాతిపెట్టాల్సి వచ్చిందట. పెట్టుబడి పెట్టినవాళ్లు మునిగారు.

ఆ షాపులోంచి బయటికి వచ్చేసరికి గుడ్‌ఇయర్ తలకి ఒకే ఒక ప్రశ్న పట్టుకుంది. ఎండకి కరగని, చలికి పగలని రబ్బరు చెయ్యొచ్చా? అప్పటికి ఆయనకి 33 ఏళ్లు. చేతిలో డబ్బు లేదు, చదువుకున్న సైన్సు లేదు. మిగతా 26 ఏళ్లూ ఆ ప్రశ్నతోనే బతికాడు.

ఫిలడెల్ఫియా తిరిగి రాగానే అప్పులవాళ్లు జైల్లో పెట్టించారు. భార్యని అడిగి పచ్చి రబ్బరు, అప్పడాల కర్ర జైలుకే తెప్పించుకున్నాడు. రబ్బరు అప్పట్లో చవక. జైల్లో కూర్చుని చపాతీ పిండిలా పిసికి, ఒత్తి, ఏ పొడి దొరికితే ఆ పొడి కలిపి చూశాడు. జిగట పోవాలంటే ఏదో పొడి పీల్చుకోవాలి, ఆయన థియరీ మొత్తం అంతే. మాగ్నీషియా కలిపితే తెల్లగా, పొడిగా వచ్చింది. బయటికొచ్చాక ఇంట్లోనే భార్యా కూతుళ్లూ సాయం చేస్తే వందల జతల బూట్లు చేశాడు. ఎండాకాలం వచ్చింది, అన్నీ ముద్దయిపోయాయి. వాసన భరించలేమని పక్కింటివాళ్లు గొడవపెడితే న్యూయార్క్‌కి మకాం మార్చాడు.

అక్కడ సున్నంతో చేశాడు. కొన్నాళ్లు గెలిచాననుకున్నాడు. తర్వాత ఒకసారి రబ్బరు మీద వేసిన రంగు గీకడానికి నైట్రిక్ యాసిడ్ వాడితే ముక్క నల్లబడింది. పాడైందని పారేశాడు. కొన్ని రోజులకి అది గుర్తొచ్చి వెతికి తీసి చూస్తే పైన నున్నగా, జిగట లేకుండా ఉంది. ఆ యాసిడ్ పద్ధతికి 1837లో పేటెంట్ తీసుకున్నాడు. ఆ ప్రయోగాల్లోనే ఒకసారి గ్యాస్ పీల్చి చావు దాకా వెళ్లొచ్చాడు. ఒక భాగస్వామి దొరికాడు, ఫ్యాక్టరీ పెట్టారు, అదే ఏడు అమెరికాలో ఆర్థిక సంక్షోభం వచ్చి అంతా కొట్టుకుపోయింది. కుటుంబం స్టాటెన్ ఐలండ్‌లో ఒక మూతబడ్డ రబ్బరు ఫ్యాక్టరీలో తలదాచుకుని, అక్కడ పట్టిన చేపలు తిని బతికింది.

ఈ పద్ధతిని కోడ్ రాసేవాళ్లు చూస్తే తల పట్టుకుంటారు. లాగ్ లేని బ్రూట్ ఫోర్స్. ఏది ఎందుకు పనిచేస్తుందో తెలియదు, కనిపించిన ప్రతి ఇన్‌పుట్ తోసి చూడటమే. అన్నిటికన్నా దారుణం టెస్టింగ్. ఒక ప్రయోగం ఫలించిందో లేదో తెలియాలంటే తర్వాతి ఎండాకాలం దాకా ఆగాలి.

తర్వాత బోస్టన్ వైపు చేరాడు. వోబర్న్ అనే ఊళ్లో నథానియెల్ హేవర్డ్ అనే రబ్బరు పనివాడు పరిచయమయ్యాడు. అతను రబ్బరులో గంధకం పొడి కలిపి ఎండలో ఆరబెట్టేవాడు, పైన జిగట తగ్గేది. గుడ్‌ఇయర్ ఆ హక్కులు కొనుక్కున్నాడు. దాంతో ప్రభుత్వం నుంచి 150 మెయిల్ బ్యాగుల ఆర్డర్ వచ్చింది. బ్యాగులు తయారుచేసి, వెచ్చటి గదిలో వేలాడదీసి, కుటుంబంతో ఎక్కడికో వెళ్లొచ్చాడు. వచ్చి చూసేసరికి అన్నీ వాటి బరువుకి అవే సాగి కారిపోయి ఉన్నాయి. పైపొర మాత్రమే గట్టిపడింది, లోపల అదే పచ్చి రబ్బరు. ఆ దెబ్బతో ఆయన మాట నమ్మేవాళ్లు ఇక మిగల్లేదు.

1839 చలికాలం. వోబర్న్‌లోనే, గంధకం కలిపిన రబ్బరు ముక్క ఒకటి వేడి స్టవ్‌కి తగిలింది. ఎలా తగిలిందో ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. సినిమా సీన్‌లా చేతిలోంచి ఎగిరిపడిందని కొందరు, అజాగ్రత్తగా తాకించాడని కొందరు. కరిగి కారాల్సిన రబ్బరు కరగలేదు, తోలులా మాడింది. మాడిన చోటికీ పచ్చి చోటికీ మధ్య సన్నటి అంచు ఒకటి ఉంది. అక్కడ రబ్బరు మాడలేదు, అంటుకోవట్లేదు కూడా. ఆ ముక్కని ఆ రాత్రి గుమ్మం బయట గడ్డకట్టే చలిలో మేకుకి కొట్టి ఉంచాడట. పొద్దున తీసి చూస్తే ముందులాగే వంగుతోంది.

నాకు స్టవ్ కన్నా ఈ మేకు ఎక్కువ నచ్చింది. వేడికి నిలబడిందని గంతులెయ్యకుండా చలిలో కూడా పెట్టి చూశాడు. ఐదేళ్లలో ఎండకి ఒకసారి, చలికి ఒకసారి మోసపోయిన మనిషి కదా. ఇది యాదృచ్ఛికం అంటే మాత్రం జీవితాంతం ఒప్పుకోలేదు. ఆ ముక్కలో ఏం చూడాలో తెలిసినవాడికే అది కనిపిస్తుందని ఆయన వాదన.

ఏం జరిగిందో ఇప్పుడు మన ఫస్టియర్ కెమిస్ట్రీలో ఉంది. పచ్చి రబ్బరు అణువులు ఉడికించిన సేమ్యాలా పొడవాటి దారాలు. ఒకదానికొకటి కట్టి ఉండవు, కాబట్టి వేడెక్కితే జారిపోతాయి. గంధకం, వేడి కలిస్తే దారం నుంచి దారానికి అక్కడక్కడా వంతెనలు పడతాయి. ఇక జారవు, లాగి వదిలితే మళ్లీ మొదటి చోటికే వస్తాయి. దీన్నే వల్కనైజేషన్ అంటారు. మన ఊళ్లలో పంక్చర్ షాపుల బోర్డుల మీద వల్కనైజింగ్ అని రాసి ఉంటుంది చూడండి, అదే మాట.

మరి ఎండా చలీ రెండూ 1839లోనే తేలిపోతే మా అన్నయ్యకి టైరు ఎంచుకునే తలనొప్పి ఎందుకు? ఎందుకంటే కరగకపోవడం వేరు, పట్టు వేరు. రోడ్డు పైకి నున్నగా కనిపించినా దగ్గరగా చూస్తే సన్నటి గరుకు. టైరు రబ్బరు ఆ గుంటల్లోకి ఒదిగితేనే గ్రిప్. సమ్మర్ టైరు రబ్బరుని వేడి రోడ్డు మీద బాగా పట్టుకునేలా, మలుపులో ట్రెడ్ దిమ్మలు అటూ ఇటూ ఊగకుండా కలుపుతారు. పేరులో సమ్మర్ ఉన్నా వాన రోడ్డు మీద కూడా అది మంచిదే. కానీ దాదాపు 7 డిగ్రీల కన్నా కిందికి వెళ్తే అది బిగుసుకోవడం మొదలవుతుంది. గడ్డకట్టే చలిలో కొన్ని సమ్మర్ టైర్ల ట్రెడ్ పగిలే ప్రమాదం ఉందని, ఆ చలిలో కారు కదపొద్దని తయారీదార్లే హెచ్చరిస్తారు. పగిలిన రాక్స్‌బరీ బూటు గుర్తొచ్చిందా? ఆల్-సీజన్ రబ్బరు ఆ చలిలో కూడా మెత్తగా ఉండేలా కలుపుతారు, మంచుని పట్టుకోవడానికి ట్రెడ్ మీద సన్నటి కోతలు పెడతారు. ఆ మెత్తదనానికీ ఆ కోతలకీ జులైలో మూల్యం చెల్లించాలి. బ్రేక్ వేస్తే కారు ఇంకాస్త దూరం వెళ్లి ఆగుతుంది, స్టీరింగ్ తిప్పితే కాస్త ఆలస్యంగా తిరుగుతుంది. మామూలు కారులో ఇది తెలియదు, మస్టాంగ్ లాంటి దాంట్లో తెలుస్తుంది.

రెండు సెట్లు కొని సీజన్‌ని బట్టి మార్చుకోవడమే అన్నిటికన్నా మంచి దారి. చలికి అసలైన వింటర్ టైర్లు, మిగతా రోజులకి సమ్మర్. కానీ అన్నయ్య ఉండేది అపార్ట్‌మెంట్, నాలుగు టైర్లు దాచడానికి చోటు లేదు. రోజూ ఆఫీసుకి అదే కారు, జనవరిలో కూడా. నన్నడిగితే అలాంటివాడికి ఆల్-సీజనే కరెక్ట్, అందులో పర్ఫార్మెన్స్ రకం. చలికాలం మొత్తం కారుకి కవర్ కప్పి పక్కన పెట్టేసేవాళ్లకైతే సమ్మర్ టైర్లు మార్చాల్సిన పనే లేదు. వాడు చివరికి ఆల్-సీజనే వేయించాడు. మొదటి వారమంతా స్టీరింగ్ మెత్తబడిందని గొణిగాడు, మంచు పడ్డాక గొణగడం మానేశాడు.

సరే, వోబర్న్‌కి వద్దాం. స్టవ్ దగ్గర కథ సుఖాంతం అవుతుందని అనుకుంటాం. అసలు కష్టాలు అక్కడే మొదలయ్యాయి. ఎంత గంధకం, ఎంత వేడి, ఎంతసేపు అన్నది తేల్చడానికి మరో నాలుగైదేళ్లు పట్టింది. సొంత ఫర్నేస్ లేదు. భార్య రొట్టెలు చేసే ఓవెన్‌లో పెట్టేవాడు, కెటిల్ ఆవిరికి పట్టేవాడు, పనివాళ్లని బతిమాలి ఫ్యాక్టరీల్లో పని అయిపోయాక వాళ్ల మంట వాడుకునేవాడు. పారిస్ నుంచి ఒక సంస్థ పాత యాసిడ్ పద్ధతి హక్కులు కొంటామని రాసింది. ఇంట్లో తిండి లేని సమయం. అంతకన్నా మంచిది కనిపెట్టాను, ఆ పాతది ఇక పనికిరాదు అని జవాబు రాసి ఆ డబ్బు వదులుకున్నాడు. ఒంట్లో బాగాలేకపోయినా మంచు తుఫానులో మైళ్లు నడిచి తెలిసినవాళ్ల ఇంటికి అప్పుకి వెళ్లాడు. ఇంట్లో సామాన్లు అమ్మేశాక పిల్లల స్కూలు పుస్తకాలు కూడా అమ్మాడు. 5 డాలర్లు వచ్చాయి. ఆ రోజుల్లోనే రెండేళ్ల కొడుకు ఒకడు చనిపోయాడు.

ఈ కథంతా మా అమ్మకి ఫోన్‌లో చెప్పాను. పట్టుదల, ప్యాషన్ అని నేనేదో చెప్పబోతుంటే అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, మరి పిల్లల్ని ఎవరు చూసుకున్నారు అని. నేను చదివిన వాటిల్లో ఆ సంగతి ఒక వాక్యం దాటి లేదు. క్లారిస్సా చూసుకుంది. పన్నెండు మంది పుట్టారు, ఆరుగురు చిన్నప్పుడే పోయారు. అప్పడాల కర్ర ఆవిడదే, ఓవెన్ ఆవిడదే, బూట్లు కుట్టిన చేతుల్లో ఆవిడ చేతులూ ఉన్నాయి. పేటెంట్ మీద మాత్రం ఒక్క పేరే. స్టార్టప్ కథల్లో ఫౌండర్ ఒక్కడే గదిలో కూర్చుని ప్రపంచాన్ని మార్చేసినట్టు ఉంటుంది కదా, ఆ గదికి అద్దె ఎవరు కట్టారో ఉండదు. గుడ్‌ఇయర్ మొండితనం లేకపోతే ఈ రబ్బరు ఇంకొకరి చేతిలో, ఇంకెప్పుడో వచ్చేది. స్కూలు పుస్తకాలు అమ్మిన మనిషిని మాత్రం నేను పోస్టర్ మీద పెట్టుకోలేను. ఈ రెండూ నా లోపల సర్దుకోవట్లేదు.

చివరికి పద్ధతి కుదిరింది. పీడనంలో ఉన్న ఆవిరి, సుమారు 130 డిగ్రీల సెల్సియస్, నాలుగు నుంచి ఆరు గంటలు. ఉన్ని వ్యాపారం చేసే బావగారు ఒకాయన డబ్బు సర్దాడు. 1844 జూన్ 15న అమెరికా పేటెంట్ వచ్చింది, నంబర్ 3633.

ఇంగ్లండ్‌లో మాత్రం ఆలస్యమైంది. ఆయన రబ్బరు ముక్కలు 1842లోనే అక్కడికి చేరాయి. థామస్ హాంకాక్ అనే అనుభవమున్న రబ్బరు తయారీదారు వాటి మీద పసుపు పొడి పూసి ఉండటం చూసి గంధకమని పట్టేశాడు. తనూ ప్రయోగాలు చేసి 1843 చివర్లో పేటెంట్‌కి వేశాడు. గుడ్‌ఇయర్ అప్లికేషన్ కొద్ది వారాలు వెనకబడింది. రోమన్ల అగ్నిదేవుడు వల్కన్ పేరు మీద వల్కనైజేషన్ అన్న మాట పుట్టింది కూడా అక్కడే, హాంకాక్ స్నేహితుడు బ్రాకెడన్ పెట్టాడు. అంటే పేరు కూడా గుడ్‌ఇయర్‌ది కాదు. ఆ కేసు 1855లో కోర్టులో ఓడిపోయాడు.

అమెరికాలో అందరూ కాపీ కొట్టారు. హోరేస్ డే అనే తయారీదారుతో కేసు 1852లో ట్రెంటన్‌లో నడిచింది. గుడ్‌ఇయర్ తరఫున వాదించింది డేనియల్ వెబ్‌స్టర్, అప్పటికి అమెరికా విదేశాంగ మంత్రి. గెలిచారు. వెబ్‌స్టర్ ఫీజు 15,000 డాలర్లు అంటారు. లైసెన్సులు తీసుకున్న కంపెనీలు బాగుపడ్డాయి. గుడ్‌ఇయర్ రాయల్టీలు మరీ తక్కువకి ఇచ్చేశాడు.

వచ్చిన కాస్త కూడా ఎక్కడ పెట్టాడంటే ఎగ్జిబిషన్లలో. 1851లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో గోడల నుంచి కుర్చీల దాకా అంతా రబ్బరుతో ఒక గది కట్టించాడు, 30,000 డాలర్లు. 1855లో పారిస్‌లో ఇంకా పెద్దది, 50,000. ఆయన టోపీ రబ్బరు, కోటు రబ్బరు, తన పద్ధతి గురించి రాసిన పుస్తకంలో కొన్ని ప్రతులు రబ్బరు మీదే అచ్చు వేయించాడు. నోట్లు, సంగీత వాద్యాలు, ఓడ తెరచాపలు అన్నీ రబ్బరుతో చెయ్యొచ్చని ఊహించాడు. ఫ్యాక్టరీ పెట్టి డబ్బు చేసుకోవాలనే ఆలోచన ఆయనకి ఎప్పుడూ రెండోదే. విచిత్రం ఏంటంటే ఆయన బతికుండగానే, 1845లో, స్కాట్లండ్‌కి చెందిన రాబర్ట్ థామ్సన్ బండి చక్రానికి గాలి నింపిన రబ్బరు టైరుకి పేటెంట్ తీసుకున్నాడు. కొనేవాళ్లు లేక అది మరుగునపడింది. మళ్లీ 1887లో డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిల్ కోసం చేసేదాకా ఎవరూ పట్టించుకోలేదు.

క్లారిస్సా 1853లో ఇంగ్లండ్‌లో చనిపోయింది. 1855 డిసెంబర్‌లో పారిస్‌లో ఆయన కంపెనీ దివాలా తీస్తే అప్పుల కోసం క్లిషీ జైల్లో పెట్టారు, పదహారు రోజులు. అదే సమయంలో మూడో నెపోలియన్ చక్రవర్తి ఆయనకి లీజియన్ ఆఫ్ ఆనర్ పతకం ప్రకటించాడు. కొడుకు ఆ పతకాన్ని జైలుకే తీసుకెళ్లి ఇచ్చాడు.

1860లో న్యూ హేవెన్‌లో కూతురు చావుబతుకుల్లో ఉందని కబురొచ్చింది. ఈయన బయల్దేరాడు. న్యూయార్క్‌లో దిగేసరికే ఆమె పోయిందని తెలిసింది. అప్పటికే ఆరోగ్యం బాగా దెబ్బతిని ఉంది, ఆ వార్త వినగానే కుప్పకూలాడు. ఫిఫ్త్ అవెన్యూ హోటల్‌లో జులై 1న చనిపోయాడు. 59 ఏళ్లు. మిగిల్చిన అప్పు దాదాపు 2 లక్షల డాలర్లు.

తర్వాత రాయల్టీలు పేరుకుని కుటుంబం కుదుటపడింది. తండ్రి పేరే ఉన్న కొడుకు చార్ల్స్ గుడ్‌ఇయర్ జూనియర్ బూట్లు కుట్టే మెషీన్ల వ్యాపారంలోకి వెళ్లాడు. ఖరీదైన తోలు బూట్ల మీద గుడ్‌ఇయర్ వెల్ట్ అని కనిపిస్తే అది ఆ కొడుకు పేరు. ఆక్రన్ కంపెనీ 1977లో టీంపో అనే టైరు తెచ్చింది. ఎండకీ వానకీ మంచుకీ ఒకే టైరు అంటూ అమెరికాలో అమ్మిన మొదటి ఆల్-సీజన్ రేడియల్ అదే.